పిడికెడు కొసరు

ఆ మంగళవారం తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఉన్నది ప్లాసిద, ఆమె కూతురు నీవెస్, అల్లుడు రూఫినో, పొయ్యి దగ్గర ముడుచుకున్న కుక్క. వీళ్ళు కాక ప్లాసిద కుడి తుంటిలో పదకొండు వారాలుగా కాపురముంటున్న ఇనుప గుండు. ప్లాసిద దాన్ని కూడా ఇంట్లో మనిషి కిందే జమకట్టేది. దానికీ ఆకలి వేళలున్నాయి, అలకలున్నాయి, చలికి సణుగుడుంది. కళ్ళు తెరవగానే ముందు దాన్నే పలకరించేది.

"లేచావా?"

అది ఎప్పుడో లేచింది. గజ్జల్లో మొదలై తొడ పొడవునా దిగుతోంది నొప్పి, తడి తాడును ఎవరో నిదానంగా మెలిపెడుతున్నట్టు. ప్లాసిద మోకాళ్ళ మధ్య నుంచి దిండు లాగేసింది. కుడికాలు ముందుకు చాపి, రెండు చేతులూ మంచం మీద ఊని, ఎడమకాలి మీద బరువు వేసి లేచింది. అలా లేవమని ఆసుపత్రిలో నేర్పారు. మొదట్లో నవ్వొచ్చేది. అరవై మూడేళ్ళకు మళ్ళీ లేవడం నేర్చుకోవడమేమిటని.

అక్కడ చలికాలం మొదలయ్యే మే నెలలో, సంత మెట్లమీద మంచు గడ్డకట్టి ఉండగా జారి పడింది. తుంటి ఎముక విరిగింది. డాక్టరు పాత కీలు తీసేసి కొత్తది పెట్టాడు. పోయిన నెల ఎక్స్‌రే ఫిల్ము చూసి, "కీలు బాగా కుదురుకుంది. ఈ నొప్పి కండరాలది. కొందరికి నెలల్లో పోతుంది, కొందరికి ఏడాది పడుతుంది. నడవండి, వేడి పెట్టుకోండి, అవసరమైతే నొప్పి బిళ్ళ పూటకు రెండు. ఆపరేషనైన మూడు నెలలదాకా నేల మీద కూర్చోవద్దు. మోకాలు తుంటికన్నా పైకి లేవకూడదు. కాలు మీద కాలు వేయకూడదు" అన్నాడు.

నేల మీద కూర్చోవద్దన్న ఆ ఒక్క మాట దగ్గరే ప్లాసిద ప్రాణం ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె చేసిన పని నేలమీద కూర్చోవడమే.

ఆమె పెనంలో కల్లుప్పు పోసి చిటపటలాడేదాకా వేయించింది. పిండి బస్తా గుడ్డతో కుట్టిన సంచిలో ఆ ఉప్పు పోసి మూతి కట్టింది. మణికట్టుకు ఆనించి చూసుకుని, లంగా పైనుంచి తుంటి మీద పెట్టుకుంది. వేడి లోపలికి ఇంకుతుంటే గుండు కాస్త మెత్తబడింది. తర్వాత పచ్చడబ్బాలోని పుదీనా వాసన లేపనం కుట్ల మచ్చకు తగలకుండా తొడ చుట్టూ రాసుకుంది. ఆపైన బిళ్ళలు. రెండు డాక్టరు చెప్పినవి. ఒకటి కొసరు.

"అమ్మా, ఇంకా పన్నెండు రోజులుంది మూడు నెలలకి," అంది నీవెస్ టీ కాస్తూ.

"హాజరు ఇవాళేగా."

"పోతే పోయిందమ్మా ఆ చోటు. ఇక్కడ కూర్చుని తినలేవా?"

"అక్కడ మాత్రం నేనేమన్నా డాన్స్ చేస్తున్నానా? అక్కడా కూర్చోవడమేగా!"

నీవెస్‌కు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "పన్నెండింటికి ఈయన బండి తెస్తాడు. పన్నెండంటే పన్నెండే. నువ్వు రానంటే ఎత్తుకొచ్చేస్తాడు."

"నా వల్ల కాదు," అన్నాడు రూఫినో దుప్పట్లోంచి. "అత్తయ్య సంగతి తర్వాత, ఆ లంగాలే ఇరవై కిలోలు."

ఒకదాని మీద ఒకటి తొడిగే ఆ ఆరు కుచ్చుల లంగాల మీదే ప్లాసిద ఆశంతా.

నాలుగు వేల మీటర్ల ఎత్తున, గాలి పలచగా ఉండే ఎల్ ఆల్తోలో కొండ అంచున సాగే సంతలో రెండు వరసలున్నాయి. బల్లలూ కుర్చీలూ ఉన్నవాళ్ళది కొట్ల వరస. పేవ్‌మెంటు మీద గుడ్డ పరిచి కూర్చునే ఆడవాళ్ళది నేల వరస. నేల వరసలో కుర్చీ వేయకూడదు. వేస్తే కొట్ల వరస కిందికి వస్తుంది, అక్కడ ఖాళీ లేదు. నెలకోసారి, మొదటి మంగళవారం, సంఘం పెద్ద దోన్యా బెర్నా (పెద్దావిడల్ని అక్కడ మర్యాదగా ‘దోన్యా’ అంటారు) నోటుపుస్తకం పట్టుకుని వరసంతా నడుస్తుంది. తన చోట తాను కూర్చున్నవాళ్ళ పేరు రాసుకుంటుంది. వరసగా మూడు హాజర్లు తప్పితే చోటు పోతుంది. జూన్‌లో ఒకటి తప్పింది. జూలైలో రెండోది. ఎదురుచూసే వాళ్ళ జాబితా బెర్నా పుస్తకంలో రెండు పేజీలుందని అందరికీ తెలుసు.

ఆ చోటు మొత్తం కలిపితే ఒకటిన్నర గజం. అంతకుముందు ప్లాసిద తల్లి అక్కడ గుడ్డ పరిచింది. నీవెస్ పాకింది అక్కడే, బంగాళాదుంపల బస్తాకూ అట్టపెట్టెకూ మధ్య. మొగుడు పోయిన మూడో రోజున ప్లాసిద వెళ్ళి కూర్చున్నదీ అక్కడే. చేసేదేమీ తోచక చున్యో ఏరుతూ కూర్చుంది. రాత్రి మంచులో ఆరబెట్టి, పొద్దున కాళ్ళతో తొక్కి ఎండబెట్టిన నల్ల దుంపలవి. తేలిగ్గా, గులకరాళ్ళలా ఉంటాయి. సాయంత్రందాకా ఏరినా ఎవరూ ఏమీ అడగలేదు. పక్కన కూర్చునే హిలారియ మాత్రం తన కుప్పలోంచి కొన్ని తెచ్చి ఆమె ముందు పోసింది, ఏరడానికి దుంపలు అయిపోకుండా.

రూఫినో తన వ్యాను మొదటి ట్రిప్పులో ఆమెనూ ఆమె చేతికర్రనూ సంత మూలన దించాడు. అక్కడే మందుల షాపు. ఎప్పుడూ ఉండే ముసలాయన లేడు. ఆయన మేనకోడలు యోవానా తెల్లకోటు వేసుకుని నిలబడి ఉంది.

"పది నొప్పి బిళ్ళలివ్వమ్మా."

యోవానా అట్ట కత్తిరించి పది చేతిలో పెట్టింది. ప్లాసిద చెయ్యి అలాగే చాపి ఉంచింది.

"పదీ ఇచ్చాను దోన్యా."

"కొసరేదీ?"

"మందుకి కొసరుంటుందా!"

"మీ మామయ్య ఇస్తాడే, అడక్కుండానే."

"ఇస్తే దాన్నేం చేస్తారు?"

"ఏం చేస్తానేంటి, వేసుకుంటాను. పూటకి రెండు డాక్టరువి, ఒకటి కొసరు."

యోవానా కత్తెర కింద పెట్టేసింది. "రోజుకి ఎన్ని పూటలు?"

"మూడు. నొప్పి మొండికేస్తే నాలుగు."

"ఇంకేమన్నా తాగుతున్నారా?"

"పడుకోబోయే ముందు వేడినీళ్ళలో నిమ్మకాయ పొడి. జలుబుదిలే. ఒళ్ళు నొప్పులకీ అని రాసుంది కదా పొట్లం మీద."

యోవానా అలమారలోంచి ఆ పొట్లం తీసి బిళ్ళల అట్ట పక్కన పెట్టింది. వెనకవైపు తిప్పి చిన్న అక్షరాల మీద గోరు ఆనించింది, ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద. "చూడండి. రెండూ ఒకటే మందు. పేరు వేరు, రంగు వేరు, అంతే. ఇలా ఎన్నాళ్ళ నుంచి?"

ప్లాసిదకు చెవులు వేడెక్కాయి. ఒకే బస్తాలోని దుంపల్ని రెండు కుప్పలు పోసి, రెండు పేర్లు పెట్టి అమ్మిన మనిషిని ఒకసారి వరసంతా కలిసి తిట్టారు. ఆ తిట్టిన వాళ్ళలో ఈమె గొంతే పెద్దది. అలాంటి తాను ఈ రెండు కుప్పల్నీ కనిపెట్టలేకపోయింది.

"పది రోజులైంది. చలి ముదిరిన దగ్గర్నుంచి."

"వాంతులేమన్నా? కళ్ళు పచ్చబడ్డం, కుడిపక్క కడుపులో నొప్పి?"

"అలాంటివేం లేవు."

"లేకపోయినా సరే, ఇప్పుడే ఆరోగ్య కేంద్రానికెళ్ళండి. రక్తం చూస్తారు. ఈ మందు ఎక్కువైతే కాలేయం పాడవుతుంది దోన్యా, పైకేమీ తెలీదు."

"ఇవాళ హాజరుంది."

"దోన్యా!"

"పన్నెండింటికి బండొస్తుంది. ఎక్కినదాన్ని ఎక్కినట్టే అక్కడికే వెళ్తాను. మా తల్లి మీద ఒట్టు."

యోవానా ఆమె మొహంలోకి చూసింది. ఒప్పించడం కుదరదని తెలిసిపోయింది. "పన్నెండు దాటకూడదు. వాళ్ళకి అన్నీ చెప్పండి, కొసరుతో సహా. వాళ్ళు చెప్పేదాకా ఒక్క బిళ్ళ కూడా ముట్టుకోకండి."

"మరి నొప్పొస్తే?"

"వేడి పెట్టుకోండి. లేపనం రాసుకోండి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయండి."

ప్లాసిద పది బిళ్ళలూ తిరిగి గల్లా మీద పెట్టింది. కొన్న సరుకు వెనక్కివ్వడం ఆమె జన్మలో అదే మొదటిసారి. వెళ్ళబోతుంటే యోవానా పిలిచి, వేలెడంత లేపనం గొట్టం ఒకటి చేతిలో పెట్టింది.

"ఇదీ కొసరు. రాసుకునేది మాత్రమే."

హిలారియ అప్పటికే అంతా సిద్ధం చేసి ఉంచింది. ప్లాసిద చోట రెండు ఎర్ర బీరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, వాటి మీద తన గొర్రెతోలు వేసింది. ముప్పై ఏళ్ళుగా హిలారియ కూర్చునే తోలు అది. తాను మాత్రం మడతపెట్టిన గోనె మీద కూర్చుంది.

"నీ తోలు నాకెందుకక్కా?"

"నీది కొన్న తుంటి. నాది దేవుడిచ్చింది, ఏమీ కాదులే. కూర్చో."

ప్లాసిద వెనక్కి జరిగి, పెట్టె అంచు కాళ్ళకు తగిలాక, కుడికాలు ముందుకు చాపి మెల్లగా కూర్చుంది. హిలారియ వంగి ఆరు లంగాలనూ చుట్టూ పరిచింది. కుచ్చులు నేలదాకా దిగి పెట్టెల్ని మింగేశాయి. హిలారియ గోనె మీద చతికిలబడి, ఊపిరి తీసుకుని, తల పైకెత్తి చూసింది.

"ఇన్నేళ్ళూ పక్కపక్కనే కూర్చున్నాం. నీ మొహం... కింద నుంచి ఎప్పుడూ చూళ్ళేదే."

"ఎలా ఉంది?"

"ముక్కులో వెంట్రుకలు... కనిపిస్తున్నాయి."

అవతల ఉల్లిపాయలమ్మే ఆవిడ వినేసింది. "ఏం ప్లాసిదా, ఆపరేషన్‌లో కాళ్ళు కూడా సాగదీశారా? మాకూ చెప్పు, మేమూ పడతాం మెట్లమీద!"

"పడు, పడు. నీకు నోరు కూడా కుట్టేస్తారు, వేరే డబ్బులు తీసుకోకుండా."

వరసంతా నవ్వింది. హిలారియ కూడా నవ్వబోయి దగ్గులో పడింది. దగ్గు తగ్గాక చేత్తో పెదాలు తుడుచుకుంది. ఆ పెదాలు చున్యో రంగులో ఉన్నాయి, గోళ్ళు కూడా అంతే. ప్లాసిద అది చూసింది.

"ఏమిటక్కా ఆ ఆయాసం?"

"మెట్లెక్కి వచ్చాగా. అంతే."

తొమ్మిదిన్నరకు నొప్పి వచ్చింది. రోజూ ఆ వేళకు బిళ్ళల డబ్బా తీసేది. ఇవాళ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, లేపనం గొట్టాన్ని తడుముకుని బయటికొచ్చింది. లేచి నాలుగడుగులు వేయమంది ఆ పిల్ల. లేస్తే పెట్టెలు బయటపడతాయి. బెర్నా ఇంకా వరసకు ఆ చివరే ఉంది, ఎప్పుడు ఇటు తిరుగుతుందో తెలియదు. ప్లాసిద నొప్పిని కాస్త మొద్దుబార్చే కోకా ఆకులు నాలుగు బుగ్గన పెట్టుకుంది. కుచ్చుల మాటున చెయ్యి దూర్చి లేపనం రాసింది. నీవెస్ ఫ్లాస్కులో పోసిచ్చిన వేడినీళ్ళతో గుడ్డ తడిపి తుంటి మీద అదిమింది. చల్లారిన కొద్దీ మళ్ళీ తడిపింది. తాడు మెలి తిరుగుతూనే ఉంది. ఆమె దానితో మాట్లాడింది, పెదాలు కదలకుండా. ఏడిస్తే ఏడువు. బిళ్ళ లేదు, కొసరూ లేదు. పన్నెండు దాకా నువ్వూ నేనూ ఇక్కడే.

పదకొండింటికి బెర్నా వచ్చింది. టోపీ సరిగ్గా నడినెత్తిన, పెన్సిలు టోపీ పట్టీలో. చాలా కాలానికి తిరిగొచ్చిన మనిషి దగ్గర సంఘం పెద్ద తానే ఏదో ఒకటి కొనడం ఆ వరసలో ఆనవాయితీ. కొంటేనే, ఆ మనిషి నిజంగా వ్యాపారానికి వచ్చిందో, ఊరికే మొహం చూపించడానికి వచ్చిందో తెలుస్తుంది.

"ప్లాసిదా. బతికే ఉన్నావన్నమాట."

"చావాలన్నా మూడు హాజర్లు తప్పాలటగా దోన్యా."

బెర్నా నవ్వలేదు. "రెండు కిలోల చున్యో తూచు."

హిలారియ త్రాసు కోసం చెయ్యి చాపింది.

"నువ్వాగు. జూన్ నుంచి ఈమె పేరు మీద నువ్వే తూస్తున్నావని నాకు తెలీదనుకోకు."

ప్లాసిద తూచింది. బస్తా చేతికందే ఎత్తులో నిలబెట్టి ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ముల్లు నిలిచింది. బెర్నా తన గుడ్డలో చున్యో పోయించుకుంది. కానీ గుడ్డ ముడి వేయలేదు. తెరిచి పట్టుకునే నిలబడింది.

కొసరు.

కొసరు బస్తాలోంచి ఇవ్వరు. గరిటెతో అసలివ్వరు. గరిటెతో ఇచ్చింది తూకమే గానీ కొసరు కాదు. ముందు పరిచిన కుప్పలోంచి, వంగి, పిడికిలి నిండా తీసి ఇస్తేనే అది కొసరు. కుప్ప నేలమీద ఉంది. కూర్చున్నచోటి నుంచి వంగితే తుంటి ఎంత మడవకూడదన్నారో అంతా మడుస్తుంది. గుండు కీలు గిన్నెలోంచి జారిపోవచ్చని బొమ్మ గీసి మరీ చూపించారు ఆసుపత్రిలో.

"నేనిస్తా దోన్యా..." అంది హిలారియ.

"నేను నీ దగ్గర కొనలేదు."

ప్లాసిద ఒక్క క్షణం కుప్ప వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ పెట్టె అంచుల మీద ఆనించి ముందుకు జరిగింది. కుడికాలు చాపింది. ఎడమకాలి మీద లేచింది. లంగాలు ఆమెతో పాటే పైకి లేచాయి. ఎర్ర పెట్టెలు రెండూ ఎండలో పడ్డాయి.  ఉల్లిపాయలావిడ మెడ సాచి చూసింది.

ప్లాసిద హిలారియ భుజం పట్టుకుంది. కుడికాలిని కర్రలా తిన్నగా వెనక్కి చాపి, ఎడమ మోకాలు వంచి, కాలవలో నీళ్ళు తాగే కొంగలా ముందుకు ఒరిగింది. కింద పడ్డ వస్తువు తీసుకోవడానికి ఆసుపత్రిలో నేర్పిన పద్ధతే అది. అక్కడ చేతి రుమాలుతో చేయించారు. ఇక్కడ చున్యో. కళ్ళ ముందు తెల్లగా అయింది. చేతి కింద హిలారియ భుజం కూడా వణుకుతోంది. అయినా పిడికిలి నిండాక గానీ ఆమె పైకి లేవలేదు. లేచి, ఆ పిడికిలిని బెర్నా గుడ్డలో విప్పింది.

బెర్నా గుడ్డ ముడి వేసుకుంది. టోపీలోంచి పెన్సిలు తీసి పెట్టెల వైపు చూపించింది.

"ఇవేంటి?"

"పెట్టెలు."

"నేల వరసలో కుర్చీ ఉండకూడదని తెలీదా?"

"తెలుసు. ఆ రూలు పెట్టిన రోజు చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నా."

"మరి?"

"కుర్చీకి కాళ్ళుంటాయి దోన్యా. వీటికేవి? ఇక్కడున్న కాళ్ళు రెండూ నావే, అందులోనూ ఒకటి సగం కొన్నది."

ఎవరో కిసుక్కుమన్నారు. బెర్నా చుట్టూ ఒకసారి చూసింది. వంగి పై పెట్టెను వేలితో తట్టింది.

"కింద పెట్టె నేలమీదే ఉందా?"

"నేలమీదే."

"అయితే ఇది నేల వరసే." బెర్నా చేతిలోని పెన్సిలుతో అక్కడే పేరు రాసింది. ఒక అడుగు వేసి ఆగింది. "కొసరు బాగానే పెట్టావు," అని ముందుకు వెళ్ళిపోయింది.

ప్లాసిద మెల్లగా కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి వల్లేనని తనకు తాను చెప్పుకుంది.

"రాసిందా?" అంది హిలారియ.

"రాసింది."

"చూశావా? పూర్తి పేరు రాసిందా?"

"రాసిందక్కా!"

హిలారియ గుండెల నిండా గాలి పీల్చబోయింది. సగంలోనే ఆగిపోయింది. అక్కడే కాసేపు కూర్చుని, తన ముందున్న గుడ్డ అంచులు ఒక్కొక్కటే పైకి తీసి మూట కట్టడం మొదలుపెట్టింది. పదకొండున్నరకు ఆ వరసలో ఎవరూ మూట కట్టరు.

"ఏమిటక్కా, ఇప్పుడేనా?"

"రేపు దిగిపోతున్నానే. కొండ కింద, కరనావిలో మా చెల్లెలి దగ్గరికి. అక్కడ వేడి. గాలి కూడా... చాలినంత ఉంటుందట."

"ఎన్నాళ్ళకి?"

"ఇక అక్కడే. నా రక్తం చిక్కబడిపోయింది. పాకంలా ఉందన్నాడు డాక్టరు. ఈ ఎత్తులో ఉండొద్దు, వెంటనే దిగిపొమ్మన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

హిలారియ ముడి బిగించింది. "మేలో."

 మేలోనే తాను పడింది. జూన్ అంతా, జూలై అంతా ఈ మనిషి రోజూ ఆ మెట్లెక్కింది. రెండు గుడ్డలు పరిచింది, రెండు కుప్పలు పోసింది. ఎవరైనా ఈ చోటి మీద కన్ను వేస్తే, "పక్కకెళ్ళింది, ఇప్పుడే వస్తుంది" అంది. ఆ నల్లబడిన పెదాలతో.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మూడోవారంలోనే... పాక్కుంటూ వచ్చేదానివి. ఆ గుండు ఇక్కడే దొర్లేది, దుంపల్లో."

"మరి నీ చోటు?"

"బెర్నాకి చెప్పేశా. రేపట్నుంచి ఎవరో కొత్త పిల్లట. దానికి... తూకం నేర్పు. కొసరు పెట్టడం కూడా. ఇప్పటి పిల్లలు పిసినారులు."

రూఫినో బండి హారన్ వినిపించింది. పన్నెండుకు ఇంకా అయిదు నిమిషాలుంది. అతను దిగి వచ్చి కుప్పను ప్లాసిద బస్తాలోకి ఎత్తి, మూతి కట్టి, హిలారియ సరుకు దాచే కొట్టుగదికి మోసుకుపోయాడు. ప్లాసిద కర్ర తీసుకుని, వెళ్ళేముందు కుప్ప అడుగున మిగిలిన చున్యోను మళ్ళీ అదే కొంగలా ఒరిగి పిడికిట పట్టుకుంది. హిలారియ ఆమెను నడిపించుకుంటూ బండిదాకా వచ్చింది. నాలుగడుగులకోసారి ఇద్దరూ ఆగారు. ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారో దారినపోయే వాళ్ళకు తెలిసే వీలు లేదు.

ముందు సీటు ఎత్తుగా ఉంటుంది, మంచిది. ప్లాసిద వీపు తిప్పి, ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. హిలారియ లంగా కుచ్చులు తలుపులో పడకుండా లోపలికి దోపింది.

"ముందు ఆరోగ్య కేంద్రానికి పోనీ అల్లుడూ," అంది ప్లాసిద. "దారిలో చెబుతా. అరవకుండా వినాలి." తర్వాత ఇటు తిరిగి పిడికిలి చాపింది. "ఇదిగో అక్కా. పట్టు."

"ఏమిటది?"

"కొసరు."

హిలారియ ఆ చున్యోను చూసింది, ఆమె మొహాన్ని చూసింది. ఊపిరి కోసం తలుపు అంచు పట్టుకుని ఆగింది.

"కొన్నవాళ్ళకే కొసరు. నీ దగ్గర... నేనేం కొన్నానే?"

"అక్కా, అది కాదు, నా మాట—"

హిలారియ తలుపు వేసేసింది. గట్టిగా, ఒకేసారి. ఆ తలుపు అలా వేస్తేనే పడుతుంది.

బండి కదిలింది. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. ప్లాసిద పిడికిలి విప్పకుండానే మణికట్టుతో దాన్ని తుడిచింది. నేల వరసలో రెండు చోట్లు పక్కపక్కన ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద ఎర్ర పెట్టెలు, వాటి మీద గొర్రెతోలు, ఆ తోలు మధ్యలో ముప్పై ఏళ్ళు హిలారియ కూర్చుని కూర్చుని పడిన గుంట.